హెజిటేట్ అనే మాట, పక్కింటి గిన్నె

ఖరగ్‌పూర్‌లోని హిజ్లీ క్యాంపస్‌లో నా ఉద్యోగం ఇంగ్లీషు ఉత్తరాలు దిద్దడం. ఆఫీసు నుంచి వెళ్లే ప్రతి మెయిల్ చివరా ఒక వాక్యం చేరుస్తాను: ఏదైనా అవసరమైతే డోంట్ హెజిటేట్, మమ్మల్ని అడగండి. రోజుకు పదిసార్లు ఆ మాట టైపు చేసే నేను, మూడు వారాలపాటు పక్కింటి తలుపు తట్టలేకపోయాను.

వరంగల్ నుంచి కొత్తగా వచ్చిన ఒక విద్యార్థిని తన దరఖాస్తు దిద్దించుకుంటూ అడిగింది. "మేడమ్, హెజిటేట్ అంటే భయపడుడేనా?"

కాదన్నాను. భయపడ్డవాడు అసలు లేవనే లేవడు. హెజిటేట్ చేసేవాడు లేస్తాడు, చెప్పులు వేసుకుంటాడు, గడప దగ్గర ఆగిపోతాడు. చెయ్యాలనే ఉంటుంది, తీరా చేసే వేళకు ఏదో వెనక్కి లాగుతుంది. మనకు దీనికి మాటల కొరతేం లేదు. పెద్దవాళ్ల ముందు జంకుతాం, ఎటు వెళ్లాలో తేలక తటపటాయిస్తాం, కష్టమైన పనికి వెనకాడతాం, ఇరుగుపొరుగు దగ్గర మొహమాటపడతాం. ఇంగ్లీషులో అన్నిటికీ ఆ ఒక్క మాటతో నెట్టుకురావచ్చు. ఆఫీసుల్లో అయితే అది ‘డోంట్’ లేకుండా కనబడదు. నిజం చెప్పాలంటే, ఎలాగూ ఎవరూ అడగరన్న ధైర్యంతోనే అందరం అలా రాస్తాం.

ఆ అమ్మాయి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అప్పటికి పక్కింటి గిన్నె మా వంటింటి గట్టు మీదకు వచ్చి పది రోజులైంది.

నేను ఉండేది న్యూ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీ పక్కన ఒక అద్దె ఇంట్లో. పక్క వాటాలో రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరైన ఆయన, ఆయన భార్య ఉంటారు. వాళ్ల పెద్దలు శ్రీకాకుళం వైపు నుంచి ఎప్పుడో వచ్చారట. నాది గుంటూరు వైపు. ఆవిడను పిన్నిగారూ అని పిలుస్తాను. ఈ ఊళ్లో నన్ను తిన్నావా అని అడిగే మనిషి ఆవిడ ఒక్కతే. మిగతావాళ్లు గుడ్ మార్నింగ్ అంటారు, అంతే.

ఒక ఆదివారం ఆవిడ స్టీలు గిన్నెలో వంకాయ, ఎండు నెత్తళ్ల కూర ఇచ్చింది. గిన్నె తుడిచినట్టు తిన్నాను. చిక్కంతా తర్వాత వచ్చింది. ఇరుగుపొరుగు గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని మా అమ్మ పెంపకం. నా వంటిల్లు చూస్తే ఒక రైస్ కుక్కరు, నాలుగు గుడ్లు, ఆవకాయ సీసా. పులిహోర కలిపితే ముద్దయింది. సందేశ్ కొనుక్కొచ్చి వాళ్ల గుమ్మం దాకా వెళ్లాను. ఇంటి కూరకు కొట్టు మిఠాయి ఇస్తే చేతులు దులుపుకున్నట్టుంటుందేమో అనిపించి, వెనక్కి వచ్చి రెండు రోజులు నేనే తిన్నాను. గిన్నె ఇవ్వకుండా ఏ మొహంతో ఎదురుపడాలి? ఆవిడ బట్టలు ఆరేసే వేళకు తలుపు మూసుకోవడం మొదలుపెట్టాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఆవిడ పలకరింపు కూడా ఆగిపోయింది. సాయంత్రాలు గోడకు అవతల వాళ్ల టీవీ, వాళ్ల మాటలు వినబడేవి. నేను రేపటి మెయిళ్లు దిద్దుకుంటూ కూర్చునేదాన్ని. అంత ఒంటరితనం నేను అంతకుముందు ఎరగను.

ఒకరోజు పొద్దున నేను ఆఫీసుకు బయలుదేరుతుంటే, పక్కింటాయన గేటు దగ్గర సైకిలు ఆపారు.

"మేడమ్‌గోరూ, ఏటీ అనుకోకండి. మా కూర మీకు పడనేదేటి? ఎండు సేప ఇచ్చి తప్పు సేసినాను, పారబోసుంటారు అని మా ఇంటిది ఒకటే ఇదైపోతన్నాది."

చెంప ఛెళ్లుమన్నట్టయింది. నా మొహమాటం గోడకు అవతల అసహ్యంలా కనబడింది. ఇన్నాళ్లూ ఆవిడ ఆ బాధతో ఉందన్నమాట. లోపలికి వెళ్లి గిన్నె తీసుకున్నాను. ఖాళీదే. వెళ్లి తలుపు తట్టాను.

ఆవిడ తలుపు తీసి ముందు గిన్నె వైపు చూసింది.

"పిన్నిగారూ, కూర మొత్తం తిన్నాను. చాలా బాగుంది. గిన్నెలో ఏదైనా పెట్టి ఇద్దామంటే నాకు ఏదీ కుదరలేదు. అందుకే రాలేదు," అన్నాను ఒక్క గుక్కలో.

ఆవిడ నా చేతిలోంచి గిన్నె లాక్కుంది.

"దీనికోసమా తలుపేసుకుని కూకున్నావు? పిచ్చిపిల్లా! నానేటైనా అడిగినానా?"

చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. కంచంలో వేడి అన్నం, పప్పు వడ్డించింది. నేను గిన్నె కోసం చూస్తున్నాననుకుంది కాబోలు.

"ఈపాలి గిన్ని ఇవ్వను. ఇక్కడే కూకుని తిను," అని నా ఎదురుగా కూర్చుంది.

మొదటి ముద్దకే ఏడుపొచ్చింది. ఖరగ్‌పూర్ వచ్చి అప్పటికి పద్నాలుగు నెలలు. ఒక ఇంట్లో, ఎదురుగా ఒక మనిషి కూర్చుని ఉండగా అన్నం తినడం అదే మొదలు.