ఫిరంగుల గుట్టకు ఎదురురికిన ఇద్రీస్

ఇద్రీస్ ముచ్చట చెప్పుమంటే నాకు మొదాలు కోపమే వస్తది. నోరు తెరిచి ఏదీ చెప్పడు మనిషి. అరబ్బు దేశంల ఉమ్ సలాల్‌ల మా తోట ఉన్నది. మా తోటంటే నాదేం కాదు, మాకు వీజా ఇచ్చిన అరబ్బు సేటు, కఫీల్‌ది. ఖర్జూర చెట్లకు నీళ్ళు పెట్టుడు నా పని, మేకలు, గొర్లు ఇద్రీస్ పని. ఆయనది సూడాన్, నాది జగిత్యాల దిక్కు. ఇద్దరికి ఒక్కటే రూము. నేను పొద్దుందాక వాగుతనే ఉంట, ఆయన ‘తమామ్, తమామ్’ అంటడు. అంటే అంతా మంచిగున్నదని. ఏం మంచిగున్నదయ్యా నీ మొకం, అని తెలుగుల తిడుత. దానికీ తమామే.

గని మనిషి మాత్రం బంగారం. నాకు జరమొచ్చి పడ్డప్పుడు నా పైపులన్నీ ఆయనే మార్చిండు, మేనేజర్‌కు తెల్వనే తెల్వనియ్యలె. మేక ఈనుతుంటే మండే ఎండల దాని పక్కన నేల మీద పండుకొని, కడుపు మీద చెయ్యేసి ఉంటడు. ఎడమ కాలు జెర ఈడుస్తడు. ఏమైంది భాయ్ అని ఎన్నిసార్లడిగినా తమామ్. ఏదో పొట్టేలు పొడిచిందేమో అనుకొని ఊకున్న.

ఈ ఏడు మేకలు పెరిగినయి, ఇంకొక మనిషి కావాలన్నడు మేనేజర్. నేను చూస్త సార్ అని ఎగిరి ముందల పడ్డ. మా దిక్కునోళ్ళకు ఒక అలవాటు ఉన్నది. ఎడారిల దిగంగనే మేం మొదాలు ఎతుక్కునేది మా ఊరోన్ని. ఊరోడు దొరకకపోతే మండలపోడు, వాడూ లేకపోతే జిల్లావోడు. వాడు దొరికితే సగం కష్టం పోయినట్టే, వానికి మన రూముల మంచం ఏసి, మొదటి ముద్ద పెట్టినంకనే మనం తింటం. పాపం ఇద్రీస్‌కు గట్లాంటోడు ఒక్కడు లేడాయె. ఆయనకొక సూడానాయన్ను తెచ్చి పెట్టాలె అని నా మనసుల పడ్డది.

పట్నంల, నజ్మా బజార్ల చాయ హోటల్ కాడ దొరికిండు హామిద్, ఆయనదీ సూడానే. చిన్న సంచి పక్కన పెట్టుకొని కూసున్నడు. వాని కంపెనీ మూతపడ్డది, వీజా అయిపోతున్నది. కొత్త కఫీల్ దొరకకపోతే వాపస్ పోవాలె. వాపస్ అంటే ఆడ నడిచే యుద్ధంలకే. యల్లా, మా తోటకు రా, ఆడ మీ దేశమాయన ఉన్నడు అన్న. మనిషి కండ్లల్ల నీళ్ళు పెట్టుకున్నడు. ఎంత పుణ్యం చేసిన్నో అని నన్ను నేనే మెచ్చుకుంట తోలుకొచ్చిన.

మేనేజర్ చూసి, “శుక్రవారం దాక పని చెయ్యనీ. మేకలు ఇద్రీస్‌వి, ఆయన ఉంచుమంటే కాయితాలు చేపిస్త, వద్దంటే పంపిస్త” అన్నడు.

పొద్దుగూకంగ ముగ్గురం చాయ తాగుతున్నం. వాళ్ళిద్దరు అరబ్బీల మాట్లాడుకుంట ఒకటే నవ్వుడు. ఇద్రీస్ నవ్వంగ చూసుడు నాకు అదే మొదలు. అంతల ఏదో ఊరి పేరొచ్చింది. నేను గా గుట్ట మీదనే ఉంటి, మద్ఫా కాడ, అన్నడు హామిద్. రంజాన్‌ల ఉపాసం ఇడిచే టైంకు ఈడ పేల్చే ఫిరంగిని మద్ఫా అంటరు, గా మాట నాకెరుకే. ఇద్రీస్ గ్లాసు కింద పెట్టి మేకల దొడ్లకు పోయిండు. చాయ సగం గట్లనే ఉన్నది.

తెల్లారి దొడ్ల గడ్డి ఏసుకుంట చెప్పిండు నాకు, సగం హిందీల, సగం అరబ్బీల. ఇన్నేండ్లల్ల అంత పెద్ద మాట నేను ఆయన నోట వినలె.

ఇద్రీస్ ఫౌజుల ఉరికే సిపాయంట. బండి లేదు, ఏం లేదు, రెండు కాళ్ళు, ఒక తుపాకి. గుట్ట మీద అవతలోళ్ళ ఫిరంగులున్నయి. ఊరి మీద ఒకటే గుండ్లు ఏస్తున్నయి. కింద కోసిన జొన్నచేను, దాసుకుందామంటే ఒక్క చెట్టు లేదు. గుట్ట ఎక్కి ఫిరంగులు పట్టాలె, ఉరుకుండ్రి అన్నడు కమాండర్. మొదటిసారి సగం దూరం కూడ పోలే, మన్ను మీదికి లేచింది, ఎనుకకొచ్చిండ్రు. రెండోసారి పక్కన తమ్ముడున్నడు. గుండు పడ్డది. పొగ పోయినంక చూస్తే తమ్ముడున్న జాగల తమ్ముడు లేడు. ఇద్రీస్ కాల్ల ఇనుపముక్క దిగింది.

“మళ్ళెందుకు పోయినవు భాయ్?” అన్న, నాకు ఏడుపొస్తున్నది.

“దూరముంటేనే సావు తిరుమల్. గుట్ట మొదట్లకు చేరితే ఫిరంగి మూతి అంత కిందికి వంగది. పండుకున్నోళ్ళకు అది తెల్వదు.”

మూడోసారి గా కాలుతోనే ఉరికిండు. బుగులుతోని నేలకు కరుసుకున్నోళ్ళను కాలర్ పట్టి లేపిండంట, లే, ఈడుంటే సస్తవు, ఉరుకు అని ఒక్కొక్కన్ని తిట్టుకుంట. గుట్ట ఎక్కిండ్రు. ఊరు బతికింది. పైన చూస్తే ఫిరంగులున్నయి, మనుషుల్లేరు, పారిపోయిండ్రు. “తమ్మున్ని సంపినోని మొకం చూద్దామని ఎక్కిన, మొకమే దొరకలె,” అన్నడు. తుపాకి ఆడనే పెట్టి దిగిండంట, మళ్ళ పట్టలె.

గా మొకాన్ని నేను నజ్మా నుంచి టాక్సీల పెట్టుకొని తెచ్చిన. నా తెలివి తగలెయ్య! ఒక్క దేశమోడైతే సాలు, అన్నదమ్ముడే అనుకుంటి.

శుక్రవారం దాక నాకు అన్నం పోలే. ఇద్రీస్ మాత్రం హామిద్‌కు పని చెప్తున్నడు, తిండి పెడుతున్నడు. వేరే పళ్ళెంల మంచిగ ఒడ్డించి ఇస్తున్నడు. అబ్బ, గింత కోపంల కూడ ఎంత మర్యాద అనుకున్న. మా ఇండ్లల్ల సుట్టమొస్తే గట్లనే ఇస్తం కదా.

శుక్రవారం పగటీలి హామిద్ పళ్ళెం ముట్టుకోలె. “నన్ను ఎందుకు ఎలేసినవు? మనం అందరం ఒక్క తాంబాలంల చెయ్యి పెడుతం. దుష్మన్‌కే వేరే పెడుతం. నేనేం చేసిన?” అన్నడు. ఓర్నీ, మర్యాద కాదా అది!

ఇద్రీస్ చెప్పిండు. జొన్నచేను, రెండోసారి, తమ్ముడు. మూడే మాటలు.

హామిద్ పళ్ళెం అవతలికి జరిపిండు. “పై నుంచి మొకాలు కనవడయి. చీమల లెక్క కనవడుతరు. ఎయ్యకపోతే మమ్ముల మా వాళ్ళే కాలుస్తుండ్రి. ఏ గుండు ఎవలికి తాకిందో నాకు తెల్వదు,” అన్నడు. లేచి సంచి సర్దుకున్నడు. గప్పుడే మేనేజర్ బండి వచ్చి ఆగింది.

“ఏం ఇద్రీస్, ఉంచాల్నా, పంపాల్నా?”

వద్దను భాయ్ అని ఒక మనసు, ఉంచు భాయ్ అని ఒక మనసు. ఇద్రీస్ శానసేపు హామిద్ చేతుల దిక్కు చూసిండు, మొకం చూడలె.

“ఉంచు సార్. పనిమంతుడే.”

మేనేజర్ మంచిదని పోయిండు. హామిద్ సంచి పట్టుకొని గట్లనే నిలబడ్డడు. “ఎందుకు?” అన్నడు.

“నువ్వు వాపస్ పోతే నిన్ను మళ్ళ గా ఫిరంగి కాడనే నిలబెడ్తరు. కింద నుంచి మళ్ళ ఎవలో ఒకని తమ్ముడు ఉరికొస్తడు,” అన్నడు ఇద్రీస్.

నేను దండం పెట్టిన. నిజంగనే రెండు చేతులెత్తి పెట్టిన. గుండ్లకు ఎదురురికినాయనని కాదు. ఉరికేటోళ్ళు శానమంది ఉంటరు. గీ మాట అనేటోన్ని ఒక్కన్నన్న చూపెట్టుండ్రి నాకు. నేనైతే వాని సంచి నేనే తీసి బయట ఇసిరేస్తుంటి.

నా నోరు ఊకుంటదా! హామిద్ అటు పోంగనే, “మాఫ్ చేసినవా భాయ్?” అని అడిగిన.

“లేదు,” అన్నడు. “మాఫ్ చేసుడు నాతోని అయితలేదు. పని ఇచ్చుడు అయితది.”

గంతే. బకిట్లు తీసుకొని మేకలకు నీళ్ళు పెట్ట పోయిండు. హామిద్ గడ్డిమోపు ఎత్తుకొని ఎనుకనే పోయిండు.