రెండు రైళ్ల మధ్య పేపరు

ఒక మనిషిని ముంచడానికి పగ పట్టనక్కర్లేదు, చెయ్యి చేసుకోనక్కర్లేదు. మంచి సలహాలా వినిపించే నాలుగు ముక్కలు చాలు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. నేను ముంచాను. ఆ నాలుగు ముక్కలూ గుండె మీద పెట్టుకునే ఇన్నేళ్లూ ఆఫీసుకు వెళ్లాను, పెళ్లి చేసుకున్నాను, నలుగురిలో పెద్దమనిషిని అనిపించుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీతో చెప్పగలుగుతున్నాను.

అవి యాభైల నాటి రోజులు. నిజాం రాజ్యం పోయి, ఉర్దూలో నడిచిన దఫ్తర్లన్నీ ఒక్కొక్కటే ఇంగ్లీషులోకి మారుతున్నాయి. అఫ్జల్‌గంజ్‌లో ఒక ఆడిటర్ దగ్గర ఇద్దరం పని నేర్చుకునేవాళ్లం, నేనూ యాదగిరీ. ఇద్దరిదీ ఉప్పుగూడే. మా నాన్న గుళ్లో పూజారి. వాళ్ల బాపు స్టేషన్ పక్కన రైల్వే గేటు దగ్గర కాపలా. నేను చిన్నప్పుడు సికింద్రాబాదులో మేనమామ ఇంట్లో ఉండి ఇంగ్లీషు బడిలో చదివాను. యాదగిరిది ఉర్దూ బడి. బడికి పోతూనే ఒక కిరాణా దుకాణంలో ఉర్దూలో పద్దులు రాసేవాడు. లెక్క వాడికి నీళ్లు తాగినంత తేలిక. నేను గీతలు గీసుకుని మొదలుపెట్టేలోపే వాడు చివరి అంకె చెప్పేసేవాడు. చెప్పి, "ఏం పంతులూ, ఇంక మంత్రాలే చదువుతున్నవా?" అని నవ్వేవాడు. నన్ను పంతులూ అనే పిలిచేవాడు. అందులో ఎగతాళి లేదు. ఉంటే బాగుండేది, కనీసం ద్వేషించడానికి ఒక సాకు దొరికేది.

అకౌంటెన్సీ ఆఖరి పరీక్ష దగ్గర పడింది. ఒకరోజు ఆడిటర్ ఇద్దరినీ ముందు నిలబెట్టుకుని, దాచకుండా చెప్పేశాడు. తన దగ్గర ఒక్కరికే చోటుంది, ఇద్దరూ పాసైతే యాదగిరినే పెట్టుకుంటాడు, నేనేమీ అనుకోకూడదు. నేను ఏమీ అనుకోలేదని తల ఊపాను. ఎంత అనుకున్నానో నాకే తెలుసు. యాదగిరికి ఇంట్లో ఇంకో గడువు ఉంది. వాళ్ల బాపు ఒక్క అవకాశమే ఇచ్చాడు. ఈసారి తప్పితే చదువు కట్టిపెట్టి రైల్వేలో చేరాలి. ఆ సంగతి వాడే నాకు చెప్పాడు. నాకు తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా లేదన్నమాట.

పరీక్షకు ముందు ఆ కొన్ని వారాలూ పొద్దున్నే ఉప్పుగూడ స్టేషన్‌లో కూర్చునేవాళ్లం. ఇద్దరికీ గడియారం లేదు. అందుకని యాదగిరి ఒక పద్ధతి కనిపెట్టాడు. పొద్దున మొదటి బండి వెళ్లగానే పాత ప్రశ్నపత్రం ఒకటి ముందు పెట్టుకుని రాయడం మొదలుపెట్టాలి. రెండో బండి వచ్చేలోపు మొత్తం పూర్తిచేసి కలం పక్కన పెట్టాలి. రెండో బండి కూత వినపడితే మిగిలింది వదిలెయ్యాల్సిందే. దానికోసం గీతల కాగితాల కట్ట కొనుక్కొచ్చాడు. వాళ్ల బాపు గేటు వేస్తూ అక్కణ్నుంచే చెయ్యి ఊపి, బండి వస్తోందని సైగ చేసేవాడు.

వాడి కష్టం ఒక్కటే. ఉర్దూ పద్దుల్లో రాత కుడి నుంచి మొదలవుతుంది, కాబట్టి రాబడి కుడి పక్కన, ఖర్చు ఎడమ పక్కన. ఇంగ్లీషు నగదు పద్దుల్లో సరిగ్గా దీనికి తిరగేసి. యాదగిరికి ఇది తెలియక కాదు. తీరిగ్గా రాస్తే ఒక్క తప్పుండేది కాదు. తొందర పడితే మాత్రం చెయ్యి తనంతట తానే కుడికి పోయేది. రాబడి ఖర్చయ్యేది, ఖర్చు రాబడయ్యేది. అందుకే ఆ రైళ్ల లెక్క.

మా ఆఫీసులో రజాక్ సాబ్ అని పెద్దవారు ఉండేవారు. ఎంతోమందిని ఈ పరీక్ష గట్టెక్కించిన మనిషి. ఒకరోజు యాదగిరి వేరే దుకాణం పద్దులు చూడ్డానికి వెళ్లాడు. రజాక్ సాబ్ నన్ను పిలిచి, చాయ్ తెప్పించి, నెమ్మదిగా చెప్పారు.

"ఇగ చదువుడు బంజెయ్యుండ్రి. ఈ ఆఖరి దినాలల్ల కొత్త ముచ్చట ఏది తలకెక్కది. రోజు ఒక పేపరు, టైం పెట్టుకొని, మొదటి నుంచి ఆఖరి దాక రాయాలె. నీకంటె యాదగిరికి ఇది జరూర్. వానిది ఉర్దూ చెయ్యి, జల్దీల కుడికి పోతది. రాసి రాసి అలవాటు తప్పియ్యాలె. వానికి జెప్పు, మర్చిపోకు."

మర్చిపోలేదు. అక్షరం పొల్లు పోకుండా ఇప్పటికీ గుర్తుంది.

మర్నాడు స్టేషన్‌లో యాదగిరి కాగితాలు తొడ మీద సర్దుకుంటూ అడిగాడు.

"నిన్న రజాక్ సాబ్ ఏమన్న జెప్పిండా?"

"చెప్పిండు. రాసుడు బంద్ చెయ్యమన్నడు," అన్నాను.

"గదేంది?"

"ఇప్పుడే చెయ్యి అలిసిపోతే పరీక్షల ఏం రాస్తవ్? పుస్తకం మొత్తం మళ్లొకసారి చదువుకొమ్మన్నడు. ముఖ్యంగ నిన్ను."

వాడు కాగితాల కట్ట ఒకసారి తిరగేసి చూశాడు. వాడికి నమ్మబుద్ధి కాలేదని నాకు తెలిసింది. వాడి మనసుకు తెలుసు, తాను చేస్తున్నదే సరైనదని. కానీ రజాక్ సాబ్ మాట. పైగా చెప్పింది నేను.

"పెద్దమనిషి చెప్పిండంటే సై అనాలె," అన్నాడు. తర్వాత ఆ కాగితాల కట్ట నా చేతిలో పెట్టాడు. "నాకు ఇంక పనికి రావు. నువ్వు ఉంచుకో పంతులూ. నీకు ఎప్పుడన్న పనికొస్తయి."

తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నాను? వద్దంటే అనుమానం వస్తుందనా? కాదు. నాకు నిజంగానే కావాలి. ఆ తర్వాత రోజూ స్టేషన్‌లో వాడి పక్కన కూర్చుని చదువుతున్నట్టు నటించి, ఇంటికి వెళ్లి, తలుపు వేసుకుని, వాడు కొన్న కాగితాల మీదే పేపర్లన్నీ రాశాను. మా ఇంట్లోకి రైలు కూత బాగా వినపడుతుంది. వాడి పద్ధతే, సాయంత్రం రెండు బళ్లు నాకు గడియారం. సిగ్గు లేదా అని మీరు అడగొచ్చు. ఉండేది. ప్రతి పేపరు మొదలుపెట్టేటప్పుడు ఉండేది, రెండో ప్రశ్నకు వచ్చేసరికి పోయేది.

ఎన్నోసార్లు అనుకున్నాను, రేపు చెప్పేద్దాం, రజాక్ సాబ్ మాట నేనే తప్పుగా విన్నానని అందాం, ఇంకా టైముంది అని. ఆ రేపు రాకుండా నేనే చూసుకున్నాను. రజాక్ సాబ్ ఆఫీసులో ఎదురుపడి, "ఏమయ్యా, ఇద్దరు రాస్తున్నరా?" అంటే, "ఆ, రోజు రాస్తున్నం సాబ్," అని యాదగిరి నోరు తెరవకముందే నేనే జవాబు చెప్పి, వాణ్ణి ఏదో పని మీద బయటికి లాక్కుపోయాను. అంత తెలివి పరీక్షలో కూడా చూపించలేదు నేను.

పరీక్ష హాల్లో వాడు నా ముందు వరసలో, కాస్త పక్కగా కూర్చున్నాడు. మొదటి సగం బాగానే రాశాడు. పెద్ద లెక్క దగ్గర, టైము దగ్గర పడుతుంటే, వాడి చెయ్యి ఆగింది. పేజీ మొత్తం అడ్డంగా కొట్టేశాడు. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ కొట్టేశాడు. మూడోసారి ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, చిన్నపిల్లాడి చేత దిద్దించినట్టు, తన చెయ్యిని తానే ఎడమవైపుకు తెచ్చుకుంటున్నాడు. నేను చూశాను. చూసి తల దించుకుని నా లెక్క నేను పూర్తి చేసుకున్నాను. ఆ రోజు నా చెయ్యి ఎక్కడా తడబడలేదు, ఆ సంగతి కూడా మీకు చెప్పాలి.

నేను పాసయ్యాను. వాడు ఆ ఒక్క పేపరులో పోయాడు. కబురు తెలిసిన సాయంత్రం మా ఇంటికి మిఠాయి పట్టుకొచ్చింది వాడే. "చదివింది తక్కువైంది. నీదేం తప్పు లేదు," అన్నాడు. నా తప్పు ఉందని ఎవరన్నారు వాడితో? ఎవరూ అనలేదు. నా మొహం చూసి, వాడి కోసం బాధపడుతున్నాననుకుని, నన్నే ఓదార్చాడు.

ఆ చోటు నాకు దక్కింది. యాదగిరి రైల్వేలో చేరాడు. వాళ్ల బాపు తర్వాత అదే గేటు దగ్గర పచ్చజెండా పట్టుకుని నిలబడ్డాడు. ఆఫీసుకు వెళ్లేటప్పుడు నేను అటే పోవాలి. గేటు వేసి ఉంటే వాడితో మాట్లాడక తప్పదు. కొన్నాళ్లకు నన్ను పంతులూ అనడం మానేశాడు. సార్ అన్నాడు. వద్దని నేను అనలేదు.

ఇక్కడితో అయిపోతే ఎలాగో మింగేసేవాణ్ణి. కొన్నేళ్లకు వాడి తమ్ముడు అదే పరీక్షకు తయారయ్యాడు. ఒక పొద్దున గేటు దగ్గర బండి కోసం ఆగి ఉన్నాను. యాదగిరి తమ్ముణ్ణి నా ముందుకు తెచ్చాడు.

"చూడుండ్రి సార్, దినమంత కాగితాలు పట్టుకొని రాస్తనే ఉంటడు. రాయకురా, చెయ్యి అలిసిపోతది, చదువుకోరా అంటె ఇనడు. రజాక్ సాబ్ అంతటోడు జెప్పిన ముచ్చట. మీరన్న జెర చెప్పుండ్రి."

నా అబద్ధం వాడి ఇంట్లో పెద్దల మాటగా బతుకుతోంది. వాడు నమ్మి ఊరుకోలేదు, ప్రేమగా తమ్ముడికి ఇస్తున్నాడు. అప్పుడైనా నిజం చెప్పొచ్చు కదా? ఒక్క ముక్క చాలు. బండి ఇంకా రాలేదు, గేటు వేసే ఉంది, ఎక్కడికీ పారిపోలేను. అంత వీలు మళ్లీ దొరకదు.

"కాలం మారింది యాదగిరీ," అన్నాను. "మన దినాలల్ల చదువుడే సరి. ఇప్పుడు పరీక్ష తీరే వేరు. పిల్లగాణ్ణి రాయనియ్యి."

యాదగిరి వెంటనే తమ్ముడి వైపు తిరిగి, "ఇన్నవా, సార్ జెప్పినట్టు చెయ్యి," అన్నాడు. ఆ పిల్లవాడు పాసయ్యాడు. యాదగిరి గేటు దగ్గర నాకు రెండు చేతులెత్తి దండం పెట్టాడు. నేను అందుకున్నాను. మొదటి అబద్ధం దాచడానికి నిజాన్నే వాడుకున్న దొంగను నేను, నాకు దండం.

యాదగిరి ఎక్కడున్నాడో ఇప్పుడు నాకు తెలియదు. తెలుసుకోవాలని పెద్దగా ప్రయత్నించానని చెబితే అదీ అబద్ధమే. కనపడితే క్షమిస్తాడేమో, నాకు అదే భయం. క్షమించకపోయినా భయమే. వీటిలో ఏదీ అడగను. ఆ రోజు నాకు అప్పగించిన కబురు ఒకటి నా దగ్గర ఉండిపోయింది, అది చేరాల్సిన మనిషికి చేర్చలేదు. కనీసం మీ ముందు నోరు తెరిచి చెబితే ఊపిరి కాస్త ఆడుతుంది.

యాదగిరీ, రజాక్ సాబ్ నిన్ను రాయమన్నడు.