మా వీధి అర్జీలో మొదటి సంతకం

పోయిన వారం మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు ఒక కాగితం పట్టుకొచ్చారు. కింద ఖాళీగా ఉన్న గదుల్లో డయాలసిస్ సెంటరు పెడతారట, వద్దంటూ అందరూ సంతకాలు చేయాలట. "మీరు టీచరుగా చేశారు కదండీ, కాస్త భాష సరిచూడండి" అన్నారు. కళ్ళజోడు కనబడడం లేదని చెప్పి పంపించేశాను. అది నా నెత్తి మీదే ఉంది. ఆయన చూశారు కూడా.

నా భాష చేసిన ఘనకార్యం నాకు తెలుసు. తొంభైల చివర్లో, నేను డిగ్రీ పాసై చీరాలలో ఇంటిపట్టున ఉన్న రోజుల్లో, మా నేతగాళ్ళ వీధి చివరింట్లో క్షయకు మందులిచ్చే క్లినిక్ పెడతామని ఎవరో సేవాసంస్థ వాళ్ళు వచ్చారు. అభ్యంతరాలుంటే చెప్పమని మునిసిపాలిటీ వాళ్ళు నోటీసు అంటించారు. కుళాయి దగ్గర ఏనాడూ ఒక మాట మీద నిలబడని మా వీధి ఒక్క పూటలో ఏకమైపోయింది. పొద్దున్నే వీధి పొడవునా పడుగు దారాలు సాగదీసి కట్టి గంజి పట్టించేవాళ్ళం. ఆ పులిసిన గంజి వాసనలోనే మాకు తెల్లవారేది. ఆ దారాల పక్కన రోగులు దగ్గుకుంటూ నడిస్తే మన చీరలెవరు కొంటారన్నది అందరి వాదన. అర్జీ రాసే పని నా మీద పడింది.

ఆ పడుగు మీద అప్పటికే ఒక మనిషి దగ్గుతున్నాడని మా ఇంట్లో ముగ్గురికి తెలుసు: నాకు, పిన్నికి, దగ్గే బాబాయికి. గుంట మగ్గంలో కూర్చుని తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గేవాడు. ఆ తువ్వాలు పిన్ని విడిగా ఉతికేది. నేను అర్జీ రాయనన్నాను.

"రాయవే అమ్మాయ్. నువ్వు రాయకపోతే, నేను సంతకం పెట్టకపోతే, జబ్బు ఈ ఇంట్లోనే ఉందని తెలిసిపోద్ది. షావుకారు రేపట్నుంచి నూలివ్వడు" అన్నాడు బాబాయి. మొదటి సంతకం తనే పెట్టాడు.

అర్జీ దివ్యంగా పనిచేసింది. క్లినిక్ ఊరవతలికి, రైలు గేటు దాటి పోయింది. వీధంతా నా చేతిరాతను మెచ్చుకుంది. సిగ్గు లేకుండా పొంగిపోయాను కూడా.

ఆ మాత్రలు ఇంటికిచ్చేవాళ్ళు కాదు. రోజు విడిచి రోజు వెళ్ళి నర్సు ఎదురుగా మింగాలి. గేటు పడితే వీధి వాళ్ళెవరైనా కనిపిస్తారేమోనని బాబాయి భయపడుతూ సైకిలెక్కేవాడు. అడిగినవాళ్ళకు వేటపాలెంలో పనుందనేవాడు. వెళ్ళిన పూటల్లా మగ్గం ఆగిపోయేది. రెండు నెలలకు దగ్గు తగ్గింది. ఇక చాల్లే అని మానేశాడు. తిరగబెట్టాక మాత్రం ఏ మందుకూ లొంగలేదు. ఆ ఏడు వానలు పడకముందే పోయాడు.

"ఆ క్లినిక్ మన వీధి చివరింట్లోనే ఉంటే దొడ్డిదారిన నేనే రెక్క పట్టుకుని తీసుకెళ్ళేదాన్ని గదే" అని పిన్ని ఒక్కసారే అంది. నన్ను పల్లెత్తు మాట అనలేదు. నేను మాత్రం ఆ అర్జీ రాయకుండా ఉండాల్సింది.

మొత్తం ఆరు నెలల మందేనట అది. బాబాయి పోయి ఇరవై ఏళ్ళు దాటింది. ఎన్ని ఆరు నెలలు వచ్చి పోయాయో. ఆయనకు కావలసింది అందులో ఒక్కటే.