అక్క తాగాల్సిన స్కానింగు నీళ్లు

మా అక్కకు అండాశయ క్యాన్సర్ తగ్గిందని సంబరపడి ఏడాది దాటిందో లేదో, రక్తపరీక్షలో ఆ జబ్బు జాడ చెప్పే అంకె మళ్లీ పెరిగింది. జబ్బు తిరగబెట్టిందా లేదా తేల్చడానికి డాక్టరమ్మ సూర్యాపేటలో సీటీ స్కాన్ రాసింది.

మా ఇంటివాళ్లు ఎవరినీ దవాఖానకు ఒంటరిగా పంపరు. మిర్యాలగూడ నుంచి మేనమామ, కోదాడ నుంచి చిన్నమ్మ బలగంతో దిగారు. ఆ మందను చూసి హైవే మీద టోల్‌గేటు దానంతటదే లేచిందని నేను ఇప్పటికీ చెబుతుంటాను. ఎవరూ నమ్మరు.

స్కానింగ్ సెంటర్‌లో పనిచేసే అమ్మాయి అక్క చేతికి పెద్ద సీసా ఇచ్చింది.

"గంటసేపు కొంచెం కొంచెం తాగాలమ్మా. ఈ మందునీళ్లు లోపలికి పోతే స్కాన్‌ల పేగులు తెల్లగ మెరుస్తయి, అప్పుడే ఏది పేగో, ఏది గడ్డో తెలుస్తది."

నేను బండిని నీడకు పెట్టి వచ్చేసరికి సీసా ఖాళీ.

"అప్పుడే తాగినవా అక్కా?"

"నేను రెండు గుక్కలే తాగిన్రా."

మామ మూతి తుడుచుకున్నాడు. "పొద్దుగాల్నుంచి ఉపాసమున్న పిల్ల ఒక్కతే మందు తాగుతుంటే మేం సూసుకుంట కూసోవాల్నా? తలా ఇంత పంచుకున్నం."

"బానే ఉందిలే అన్నయ్యా, సోంపు వాసనొచ్చింది," అంది చిన్నమ్మ.

ఆ అమ్మాయి సీసానూ మమ్మల్నీ మార్చి మార్చి చూసింది. "స్కాన్ ఆమెకైతే మీరెందుకు తాగిండ్రు?"

"మేం సుట్టాలం," అన్నాడు మామ.

ఇంకో సీసా వచ్చింది. చుట్టాలందరినీ బయటికి తోలి, నన్ను తలుపు దగ్గర కాపలా పెట్టారు. తర్వాత ఓసారి కరెంటు పోతే, మామ పొట్ట వెలుగులోనే మిర్యాలగూడ రైసుమిల్లులో వడ్లు ఆడించారని నేను ఊరంతా ప్రచారం చేశాను.

స్కాన్ అయ్యాక, ఆ సాయంత్రమే డాక్టరమ్మ పిలిచింది. "పేగును ఆనుకొని చిన్న గడ్డ ఉంది. మందునీళ్లు సరిగ్గా పోయినయి కాబట్టి అది పేగు కాదని తెలుస్తున్నది. జబ్బు తిరగబెట్టినట్టే ఉంది. చిన్నగా ఉన్నప్పుడే దొరికింది. మళ్లీ కీమో మొదలుపెడదాం."

మామ గోడ మీది క్యాలెండర్ చూస్తున్నాడు. చిన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

అక్క నావైపు తిరిగింది. "ఏందిరా, నీ నోరు గూడ పడిపోయిందా? ఏదన్న ఒక అబద్ధం చెప్పు."

"ఆ గడ్డ నిన్ను సూసి భయపడి పేగు సాటుకు నక్కిందక్కా."

కళ్లలో నీళ్లు తిరుగుతున్నా అక్క తుడుచుకోలేదు.

"సాలలేదు. ఇంకా పెద్దది చెప్పు," అంది.