దిష్టి తగలని పిల్ల

మా చిన్నమ్మ నాగరత్నమ్మ నగరిలో మరమగ్గం నడుపుతుంది. బస్సెక్కిందంటే చాలు, పక్కసీటు మనిషిది ఏ ఊరు, పిల్లలెంతమంది, కోడలు కూడు పెడుతోందా లేదా, అన్నీ రాబట్టేదాకా ఆమెకు ఊపిరాడదు. తన కథా దాచదు. ఒక్క కూతురి మాటొస్తే మాత్రం, "అదా? ఒట్టి మొద్దు" అనేస్తుంది.

అది కడుపులో మాట కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు. రూపశ్రీ ఉయ్యాల్లో ఉండగా ఎవరో ముద్దుగా ఉందన్నారట, పొద్దుగూకేసరికి పిల్లకు జ్వరం కాసి ఫిట్సు వచ్చాయట. అప్పట్నుంచి పరాయివాళ్ల ముందు ఆ పిల్లను తిట్టడమే చిన్నమ్మ పని. ఉప్పూ మిరపకాయలూ తీసి పారేసినా ఆమెకు ధైర్యం చాలదు. పిచ్చి తల్లి! ఇదంతా దిష్టి కోసమని పిల్లకెవరైనా చెప్పారా? చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఆ మధ్య రూపశ్రీకి రేణిగుంట దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఇంటర్వ్యూ వచ్చింది. తల్లీకూతుళ్లు తిరుపతి బస్సెక్కారు. పుత్తూరులో పూలగంపతో ఒకామె ఎక్కి వాళ్ల పక్కన కూర్చుంది. పేరు అక్కమ్మ, తిరుచానూరులో పూలమ్ముకుంటుంది. ఇద్దరూ నిమిషంలో కలిసిపోయారు.

"పిల్ల కళగా ఉండాదే! ఏం సదివినాదక్కా?" అంది అక్కమ్మ.

చిన్నమ్మ పిల్లను చప్పున తన పక్కకు లాక్కుంది. "ఏం సదువులే! పేరుకు డిప్లొమా. సేతిలో పని లేదు, తలకాయలో తెలివి లేదు. దీనికెవురిస్తారు ఉద్యోగం? నా కర్మ కొద్దీ తోడుకొని పోతా ఉండాను."

అక్కమ్మ నవ్వలేదు. పిల్ల వైపు వంగింది. "ఏం అమ్మణ్ణీ, మీయమ్మ సెప్పేది నిజమేనా?"

"నిజమే అత్తా" అంది రూపశ్రీ. కోపం లేదు, వెటకారం లేదు. "సిన్నప్పట్నించీ సూస్తా ఉండాది, మాయమ్మకు తెలీదా? ఆడ ఏమడిగినా నాకేం రాదనే సెప్పేస్తానేమో."

చిన్నమ్మకు తల కొట్టేసినట్టయింది. బస్సులోంచి దూకేద్దామనిపించిందని తర్వాత నాతో చెప్పి ఏడ్చింది. అదంతా అబద్ధమని చెబుదామని నోరు తెరిచింది గానీ మాటొస్తే కదా! పరాయి మనిషి ముందు పిల్లను పొగడాలంటే పాడు భయం. "నేనేందో ఊరికే..." అని నసిగింది.

అక్కమ్మ గంపలోంచి మల్లెపూలు తీసి పిల్ల జడలో పెట్టింది. పిల్లకు వినపడకుండా చిన్నమ్మ చెవి దగ్గర గొణిగింది. "నువ్వు దిష్టికంటా ఉండావని నాకు తెలుసక్కా. నేనూ నా బిడ్డను అట్టే అంటాను. అది దిష్టికేనని నీ బిడ్డకు తెలీద్దా?"

రేణిగుంట వచ్చేదాకా చిన్నమ్మ తలెత్తనేలేదు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ పిల్లను లోపలికి వదిలి, చిన్నమ్మను ఆపాడు. రూపశ్రీ తల వంచుకుని నడిచిపోతోంది. చిన్నమ్మ గేటు కమ్మీలు పట్టుకుంది.

"అబ్బా, ఆ పోయేది నా కూతురు!" అని అరిచింది. "ఆగిపోయిన మగ్గం అది సెయ్యి పెడితే ఆడాల్సిందే! అట్టాంటి తెలివైన పిల్లను నేను యాడా సూడలేదబ్బా!"

వాచ్‌మన్ తెల్లబోయాడు. రూపశ్రీ కూడా ఆగింది. వెనక్కి తిరిగి, అమ్మ ఎవరిని పొగుడుతోందోనని, తన వెనకాల ఇంటర్వ్యూకు వస్తున్న ఆడపిల్లల ముఖాల్లో వెతికింది.