నిలబెట్టి బీపీ చూసే డాక్టరమ్మ

ఆ ఆస్పత్రిలో నరాల డాక్టరమ్మకి ఓ అలవాటుంది. ఎవరొచ్చినా ముందు పడుకోబెట్టి బీపీ చూస్తుంది, తర్వాత నిలబెట్టి చూస్తుంది. నిలబెట్టినంతసేపూ ఊరుకోదు. కళ్లజోడు నెత్తిమీదికి తోసుకుని, పిల్లలెంతమంది, రాత్రి ఏం వండుకున్నారు అంటూ పక్కింటి పిన్నిలా ఆరా తీస్తుంది. చూసేవాళ్లకి ఉత్త కాలక్షేపంలా ఉంటుంది గానీ, ఆవిడ కళ్లు మాత్రం ఎదుటి మనిషిని వదలవు.

మొన్నొక టైలరు వచ్చాడు. అరికాళ్లు మొద్దుబారాయి, మిషను దగ్గర్నుంచి లేస్తే కళ్లు తిరిగి పడిపోతున్నాడు. పరీక్షల్లో ఏమీ తేలక, అంతా బెంగేనని ఇద్దరు డాక్టర్లు మాత్రలిచ్చి పంపేశారు. ఇక కొట్టు మూసేద్దామనుకుంటున్నాడు. కబుర్ల మధ్యలో అతని బీపీ జారిపోవడం చూసి ఆవిడ చప్పున కూర్చోబెట్టింది. "నాలుక చాపు నాయనా" అంది. నాలుక లావెక్కి, అంచుల్లో పళ్ల గాట్లు పడి ఉంది. పొట్ట మీంచి సూదితో రవ్వంత కొవ్వు తీసి పరీక్షకి పంపింది. ఫలితం వచ్చాక అతన్ని పిలిపించి, "దీన్ని అమిలాయిడోసిస్ అంటారు. ఒంట్లో ఓ ప్రొటీన్ చెడిపోయి నరాల్లో, నాలుకలో పేరుకుంటోంది. అందుకే లేచి నిలబడితే బీపీ పడిపోతోంది. పోయిన స్పర్శంతా తిరిగి రాకపోవచ్చు. కానీ ముదరకముందే పట్టుకున్నాం, మందులతో ఆపొచ్చు" అంది. ఇన్నాళ్లకి తన జబ్బుకో పేరు దొరికిందని టైలరు మొహం విప్పారింది. ఫోను తీసి నంబరు నొక్కి ఆవిడ చేతికిచ్చాడు. "మా బావమరిది, డాక్టరమ్మా. పని ఎగ్గొట్టడానికి నాటకాలాడుతున్నానంటాడు. ఆ పేరేదో వాడికి మీరే చెప్పండి." ఆవిడ గొంతు సవరించుకుని, ఒక్కో అక్షరం విడగొట్టి, రెండుసార్లు చెప్పింది.