గొట్టం మేస్త్రీ విన్న ఇంజిన్

మా బావని అందరూ గొట్టం మేస్త్రీ అంటారు. వినడానికి తిట్టులా ఉంటుంది గానీ, మా షెడ్డు చుట్టుపక్కల అది బిరుదు. మూరెడు రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొస కార్బురేటర్ మూతి దగ్గర పట్టి, కళ్లు మూసుకుని వినేవాడు. పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజిన్‌కి పట్టించేది కార్బురేటర్. ఆ కలపడంలో పిసరంత తేడా ఉన్నా లోపలి బుసలో పట్టేసేవాడు. స్క్రూ ఇంత తిప్పి, అంత వెనక్కి తీసి, చివరికి "ఊఁ" అనేవాడు. ఆ "ఊఁ" వినేదాకా ఎంత తొందరలో ఉన్న మనిషైనా బండి తీసుకెళ్లేవాడు కాదు.

నేను ఆయన భార్యకి తమ్ముణ్ణి. అదే షెడ్డులో గోడవారగా నా బల్ల. కార్ల వైరింగు నా పని. ఇద్దరికీ కలిపి ఒకటే ఫ్యాను, అది ఎవరి వైపు తిరగాలన్న దాని మీదే మా తగువులన్నీ.

కొత్త కార్లలో కార్బురేటర్ ఉండదు. ఫ్యుయల్ ఇంజెక్షన్. ఎంత పెట్రోలు చిమ్మాలో ఒక కంప్యూటర్ పెట్టె చూసుకుంటుంది. ఆ పెట్టె పేరు ఎత్తితే చాలు, బావకి ఒళ్లు మండేది. "ఇంజిన్ మనిషితో మాట్లాడాలి గానీ పెట్టెతో మాట్లాడటమేంట్రా? పెట్టె ఉన్న ఇంజిన్ నేను ముట్టుకోను" అని షెడ్డుకి వచ్చిన ప్రతివాడికీ ఉపన్యాసం దంచేవాడు. కొందరు టీ కోసం వచ్చి, ఉపన్యాసానికి భయపడి టీ తాగకుండానే పోయేవారు.

ఆయనకి వినికిడి పోతోందని ముందు కనిపెట్టింది మా అక్క. స్టవ్ పక్కనే కూర్చుని పేపరు చదువుతూ, కుక్కర్ అరిచి అరిచి ఊరుకున్నాక, "ఇంకా కూత రాలేదేమే?" అన్నాడట. అక్క నవ్వబోయి ఆగిపోయింది. మర్నాడు నన్ను వంటింట్లోకి పిలిచి, "మనకి తెలిసినట్టు ఆయనకి తెలియనివ్వకురా. షెడ్డు తప్ప ఆ మనిషికి ఏముంది?" అని కళ్లొత్తుకుంది.

అప్పటి నుంచి నాకు ఇంకో ఉద్యోగం మొదలైంది. గేటు దగ్గర ఎవరైనా పిలిస్తే, ఏదో పని ఉన్నట్టు బావ ముందుకెళ్లి నిలబడి చెప్పేవాణ్ణి. ఆయన నా నోటి వైపు చూసేవాడు. నా గుబురు మీసం పెదాలకి అడ్డొస్తోందని గ్రహించి నున్నగా గీయించేశాను. ఎందుకని అడిగినవాళ్లకి ఉక్కపోత అని చెప్పాను. పక్కనున్న టైర్ల కొట్టాయన నెలరోజులు నన్ను వదినా, మరదలా అని పిలిచి ఏడిపించాడు.

కార్బురేటర్ బండి ఎవరైనా తెస్తే బావ ఏదో వంక పెట్టి పంపేసేవాడు. నడుం నొప్పి అనేవాడు, సామాను దొరకదనేవాడు. అలా నెట్టుకొస్తుండగా టీచరమ్మ కారు వచ్చింది.

ఆ కారు వాళ్ల నాన్నది. ఆయన పోయాక కూతురు దాన్నే నడుపుతోంది. దాని ఇంజిన్ పగిలి బాగుచేయడానికి పనికి రాకుండా పోయింది. బదులుగా, గుద్దేసిన ఓ కొత్త కారులోని ఇంజిన్ దొరికింది. అది ఇంజెక్షన్‌ది. పెట్టె తీసేసి పాత కార్బురేటర్ని దానికి తగిలించవచ్చు, లేదా పెట్టెతో సహా ఎక్కించవచ్చు.

"నాకేం తెలుసు మేస్త్రీగారూ, మీరెలా అంటే అలా" అందామె.

ఎవరైనా పోట్లాడితే బావ గెలిచేవాడే. ఆయన మీదే వదిలేసేసరికి ఇరుక్కుపోయాడు. కార్బురేటర్ పెడితే గొట్టం పెట్టి విని సరిచెయ్యాలి. పెట్టె పెడితే వినే పని లేదు గానీ, ఇన్నాళ్ల ఉపన్యాసాలు విన్నవాళ్లంతా ఎందుకని నిలదీస్తారు. కారు నోరు తెరుచుకుని స్టాండ్ల మీద ఉండిపోయింది. ఆయన దాని చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు. కార్బురేటర్ని విప్పి, కడిగి, మళ్లీ బిగించి, గుడ్డలో చుట్టి పక్కన పెట్టేవాడు. మర్నాడు మళ్లీ విప్పేవాడు. టీచరమ్మ బడి అయ్యాక బస్సు దిగి వచ్చి, స్టాండ్ల మీది కారును చూసి, మళ్లీ బస్సుకే వెళ్లిపోయేది.

"ఏదో ఒకటి తేల్చు బావా" అన్నాను ఓ రోజు, ఉండబట్టలేక.

"ఆలోచించనీరా! నీ ఇంజినా నా ఇంజినా?" అని విరుచుకుపడ్డాడు. సాయంత్రం చేతులు కడుక్కుంటూ, గోడ వైపు చూస్తూ, "పెట్టే పెట్టేద్దాం. ఆడమనిషి, దారిలో ఆగిపోతే ఇబ్బంది" అన్నాడు.

టీచరమ్మ మీద తోసేశాడని నాకు తెలుసు. అయినా నా గుండెల మీంచి బండరాయి దిగినట్టయింది. టైర్ల కొట్టాయన మాత్రం ఊరుకుంటాడా! "ఏం మేస్త్రీ, పెట్టెకి దణ్ణం పెట్టేశావా?" అన్నాడు, అదీ వెనక నుంచి. బావకి వినపడలేదు. మిగతావాళ్లంతా నవ్వారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఇంజిన్ దించింది ఆయన. ఆ చేతుల్లో మాత్రం ఏ లోటూ లేదు, గొలుసుకి వేలాడే ఇంజిన్ని పసిపిల్లను పడుకోబెట్టినట్టు కారులో కూర్చోబెట్టాడు. ట్యాంకులో కొత్త పంపు, పెట్టె, వైర్లు నేను చూసుకున్నాను. తాళం తిప్పగానే అందుకుంది. బావ నా వీపు మీద ఒక్కటి చరిచాడు. ఆయన ముఖం అంత తేలికపడటం చూసి ఎన్నాళ్లయిందో.

టీచరమ్మ వచ్చింది. ఇంజిన్ తిరుగుతుంటే చాలా సంతోషించింది. తర్వాత మేకుకి వేలాడుతున్న గొట్టం వైపు చూసి, "మా నాన్న మీరు వినందే బండి తీసుకునేవారు కాదు. ఒక్కసారి వినండి మేస్త్రీగారూ" అంది.

"దీంట్లో వినడానికేం ఉండదమ్మా, అంతా పెట్టే చూసుకుంటుంది" అని నేను అడ్డం పడ్డాను.

"పెట్టెని నమ్మి తేలేదు కదండీ, ఈయన్ని నమ్మి తెచ్చాను."

బావ ఆమె పెదాలనే చూస్తున్నాడు. మాట పూర్తిగా అందింది. వెళ్లి గొట్టం తీసుకున్నాడు. ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండోది గాలి లోపలికి పోయే మూతి దగ్గర పట్టి, కళ్లు మూసుకున్నాడు. పాత అలవాటే, ఒళ్లు బండికి ఎక్కడా తగలకుండా నిలబడ్డాడు.

టీచరమ్మ ఫోను మోగింది. మాట వినపడదని కాబోలు, ఆమె కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం వెనక్కి తిప్పి లాగేసింది. ఇంజిన్ ఆగిపోయింది. షెడ్డంతా నిశ్శబ్దమైపోయింది. ఆమె ఫోనులో ఏదో అనబోయి బావని చూసి ఆగిపోయింది.

ఆయన ఇంకా వింటున్నాడు. తల కొంచెం పక్కకి వాల్చాడు. నేను ఆయన భుజం మీద చెయ్యి వేద్దామని అడుగు ముందుకు వేశాను.

"ఊఁ" అన్నాడు. "నిండుగా ఉందమ్మా. ఎక్కడా తేడా లేదు."

కళ్లు తెరిచాడు. మా ముఖాలు చూశాడు, ఆమె చేతిలోని తాళంచెవి చూశాడు. మెల్లగా ఇంజిన్ మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉంచాడు.

"ఎప్పుడు ఆపారమ్మా?"

"ఇప్పుడేనండీ, మీరు కళ్లు తెరిచాకే" అంది టీచరమ్మ. పాపం, అబద్ధం ఆడటం ఆమెకి చేతకాదు. కారు ఎక్కి వెళ్లిపోయేటప్పుడు హారన్ కొట్టింది. ఆయన తల తిప్పలేదు.

గొట్టాన్ని మేకుకి తగిలించి, నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. కోప్పడతాడనుకున్నాను, కోప్పడితే బాగుండుననిపించింది.

"మీసం తీయించుకుంది ఇందుకేనా?" అన్నాడు.

"అవును బావా" అన్నాను, ఆయనకి కనపడేలా.